పడుకోబెట్టిన సిలిండర్

కెనడాలోని ఎడ్మంటన్‌లో మా తెలుగు చర్చివాళ్ళు కొందరు ఒక కుర్ర జంట గురించి ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. గ్యాస్‌తో ఆటలాడి, నీడనిచ్చినవాడి క్యాంపర్‌ని తగలబెట్టబోయారట. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం.

ఆ ఏడాది విద్యార్థులు విమానాల నిండా దిగుతున్నారు. ఊళ్ళో గది దొరకడమే గగనం. ఆ జంటలో అమ్మాయి కాలేజీలో చదువుతోంది, భర్త గోదాములో పనిచేస్తున్నాడు. వేసవిలో మేం కారు వెనక తగిలించుకుని తిరిగే, చక్రాల ఇల్లులాంటి క్యాంపర్ మా పెరట్లో ఖాళీగా ఉంది. "గది దొరికేదాకా అందులో ఉండండి" అని ఆరాధన అయ్యాక అందరి ముందూ అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు బాగా రుచించింది.

జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి మా తలుపు కొట్టింది. బయట మైనస్ ముప్పై దాటింది. భర్త డ్యూటీలో ఉన్నాడు.

"అంకుల్, ఫర్నేస్ బందయింది. గిన్నెల నీళ్ళు గడ్డ కడుతున్నయ్."

ఇంట్లోకి రమ్మని తలుపేసుకుంటే సరిపోయేది. నేను టార్చిలైటు అందుకున్నాను.

క్యాంపర్ లోపల మా ఊపిరి పొగలా కనిపిస్తోంది. గ్యాస్‌తో లోపలంతా వెచ్చబెట్టే ఆ ఫర్నేస్‌కి థర్మోస్టాట్ పెంచితే ఫ్యాన్ తిరిగింది. టిక్ టిక్ మని నిప్పురవ్వల చప్పుడు వచ్చింది. మంట అంటుకోలేదు. మూడుసార్లు ప్రయత్నించి అదే ఆగిపోయింది. బ్యాటరీ చూశాను, బాగానే ఉంది. గాలి పీల్చుకునే జాలీకి బియ్యం బస్తా ఆనించి ఉంటే పక్కకి జరిపాను. స్విచ్ ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ టిక్ టిక్, మళ్ళీ ఏమీ లేదు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. స్టవ్ వెలిగిస్తే మంట అగ్గిపుల్ల తల అంత ఉంది.

"గ్యాస్ అయిపోవచ్చింది" అన్నాను.

"మొన్ననే గదా అంకుల్ నింపించింది. సగం గూడ అయి ఉండదు. ఎవరినన్న మెకానిక్‌ని పిలుద్దామా?"

"శనివారం పూట ఎవడొస్తాడమ్మా?"

మా చిన్నప్పుడు గ్యాస్ బండ అయిపోవచ్చి, కొత్తది రాకపోతే, మా అమ్మ దాన్ని అడ్డంగా పడుకోబెట్టేది. ఇంకో రెండు పూటలు వంట అయ్యేది. మన ఇళ్ళల్లో ఎవర్నడిగినా చెప్తారు. ఆ ధైర్యంతోనే క్యాంపర్ ముందున్న సిలిండర్ పట్టీ విప్పి, దాన్ని మంచులో పడుకోబెట్టాను.

"అంకుల్, దాని మీద బాణం గుర్తుంది చూడుండ్రి. నిలబెట్టే ఉంచాల్నంట."

"నువ్వు పుట్టకముందు నుంచి బండలు మారుస్తున్నాను. నాకు చెప్తావా?"

"సరే, మీ ఇష్టం. పేలితే మా అమ్మకు మీరే ఫోన్ చెయ్యాలె" అని నవ్వింది. పళ్ళు టకటకమంటున్నాయి.

ఫర్నేస్ పొగ బయటికొచ్చే గొట్టం దగ్గర మంచు గీకి, వేడి గాలి వస్తోందేమో చూడమని ఆమెను పంపింది నేనే. లోపలికెళ్ళి స్విచ్ వేశాను. టిక్ టిక్ మంది. తర్వాత క్యాంపర్ అదిరేలా ధన్ మంది. కిటికీ అద్దం నారింజ రంగుకు తిరిగింది. ఆమె కేక వినబడింది.

నేను పరుగెత్తి వాల్వ్ కట్టేసేసరికి ఆమె కుడిచేతిని మంచులో గుచ్చుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. గ్లవ్ కరిగి వేళ్ళకు అంటుకుపోయింది. ఆమెను వంటింట్లోకి తీసుకెళ్ళి చెయ్యి కుళాయి కింద పెట్టించాను. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సినవాణ్ణి, ముందు బయటికొచ్చి సిలిండర్‌ని నిలబెట్టి పట్టీ బిగించాను. ఎవరూ చూడలేదు. ఇదే నేను చెప్పాలనుకున్నది.

ఆస్పత్రి నుంచి వచ్చాక, శనివారం ఎవడూ రాడని నేనన్న మెకానిక్, ఫోన్ చేసిన గంటకే వచ్చాడు. సిలిండర్‌కి ఒక పక్కంతా అంటుకున్న మంచు చూసి, దీన్ని ఎవరు పడుకోబెట్టారని అడిగాడు. గ్యాస్‌కి బదులు ద్రవమే పైపులోకి ఎక్కేసి, మంట పొగగొట్టంలోంచి బయటికి చిమ్మిందట. సిలిండర్ సగం పైనే ఉందట. మొదట రెగ్యులేటర్‌లో మంచు కట్టి గ్యాస్ సరిగ్గా రాలేదు, దాన్ని మెల్లగా వెచ్చబెడితే సరిపోయేదట.

"ఈ పిల్లలే. వీళ్ళకి తెలియదు" అన్నాను.

అప్పుడే పని నుంచి వచ్చిన భర్త ఏదో అనబోయాడు. ఆమె ఎడమచేత్తో అతని చొక్కా లాగింది. "ఊకో. ఇప్పుడు ఏడికి పోతం?"

మర్నాడు చర్చిలో ఎవరూ అడక్కుండానే నా కథ చెప్పాను. వాళ్ళకి ఫిబ్రవరి నుంచి బేస్‌మెంట్ గది ఇస్తానన్న పెద్దావిడ ఆ సాయంత్రం ఫోన్ చేసింది.

"బ్రదర్, ఆ పిల్లలు జాగ్రత్త గలవాళ్ళేనా? మీ మాట మీదే ఇస్తాను."

"చూసుకోండక్కా. గ్యాస్ దగ్గర కొంచెం..."

"అమ్మో, పైన మనవలుంటారు."

గది పోయింది. వారం రోజులు మా హాల్లో పడుకుని, వేరే ఊళ్ళో తెలిసినవాళ్ళ దగ్గరికి బస్సెక్కారు. ఆమె చదువు ఆ సెమిస్టర్‌తో ఆగింది. బస్టాండ్‌కి దింపినప్పుడు ఆమె ఒక్కటే అడిగింది.

"అంకుల్, గది ఇస్తనన్న ఆ ఆంటీకన్న నిజం చెప్పుండ్రి. ఇంకెవరికీ వద్దు."

"చెప్తానమ్మా" అన్నాను. చెప్పలేదు.

మొన్న చెప్పాను, ఇన్నేళ్ళకి.

"భయపడి ఆ చలికాలమంతా ఆ గదికి తాళమేసి ఉంచాను బ్రదర్" అంది పెద్దావిడ. "ఆ అమ్మాయి నంబరు ఇవ్వండి. నేనైనా మాట్లాడతాను."

నా దగ్గర లేదు. వాళ్ళు బస్సెక్కిన రోజే దాన్ని ఫోన్‌లోంచి తీసేశాను.