తెల్లరంగు పేర్లు

నిజామాబాద్ బస్టాండు వెనక సందులో నేను పనిచేసిన డీటీపీ సెంటర్‌లో పెళ్లి కార్డులకు బోలెడు ఫైళ్లుండేవి. దినాల కార్డుకు మాత్రం ఒక్కటే. పెళ్లివాళ్లు ఎన్ని నమూనాలు చూపించినా పెదవి విరుస్తారు, చావు ఇంటివాళ్లు ఏదిస్తే అది పట్టుకుపోతారు. అందుకని షాపు నడిపే అన్న ఆ ఒక్క ఫైలే తెరిచి, పేరూ ఫోటో మార్చి ప్రింటు తీసేవాడు. మా బాపు దినాల కార్డు కూడా అక్కడే చేయించాం. తెచ్చుకోవడానికి పోయినప్పుడు, నాకు టైపు వచ్చని తెలిసి "ఇంట్ల కూసొని ఏం జేస్తవ్, రేపటి సంది రా" అన్నాడు. బాపు పోతూ పోతూ నీకు కొలువు ఇప్పించి పోయిండు అనేది మా అవ్వ. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఏడాది తిరిగాక, చెరకు కొట్టే రోజుల్లో, ఎడపల్లి నుంచి ఒకామె వచ్చింది. బీడీలు చుట్టే మనిషని వేళ్లు చూస్తేనే తెలిసింది. చెరకు లోడు ట్రాక్టరు బోల్తాపడి ఆమె భర్త పోయాడు. కొంగులోంచి ఫోటో తీసిచ్చి నా పక్కనే స్టూలు మీద కూర్చుంది.

"సదువు రాదు బిడ్డ. గని ఆయన పేరు జూస్తే గుర్తువడత. ఎడ్లబండి మీద రాయించుకున్నడు గద."

ఎప్పటిలాగే అన్న పాత పేరు తీసేసి ఫైలు నాకిచ్చాడు, కొత్త పేరు కొట్టాను. చుట్టూ నల్లంచు కావాలంటే గీసి, పేరునూ అంచునూ కలిపి ఫోటో వెనక్కి సర్దాను. తీరా చూస్తే అక్షరాలు ఎలుకలు కొరికినట్టున్నాయి. సున్నాలు తెగిపోయి, కొమ్ములు సగమే కనిపిస్తున్నాయి.

"గిదేంది, పలిగినట్టున్నది?" అంది ఆమె.

"స్క్రీను మీద గట్లనే ఉంటదమ్మా, కాయిదం మీద మంచిగొస్తది" అన్నాను. మా పనిలో అందరం చెప్పే మాటే. ప్రింటు తీస్తే కాగితం మీదా అదే విరుపు.

ఆమె కాగితాన్ని చాలాసేపు ఒళ్లో పెట్టుకుంది. "మనిషైతే సక్కగ దొరకలే నాకు. పేరన్న నిండుగ ఇయ్యి బిడ్డ."

ఫాంటు ఖరాబైందన్నాడు అన్న. తీసేసి ఫ్లాపీ నుంచి మళ్లీ ఎక్కించాను. అక్షరాల అంచులు నున్నగా చూపించే సెట్టింగు మార్చాను. అన్న తువ్వాలతో మానిటర్ తుడిచాడు, దాని తప్పేదో ఉన్నట్టు. చివరికి ఫాంటే మార్చేశాను. అప్పుడు వేరే అక్షరాలు విరిగాయి, కానీ కాగితం మీద విరిగిన చోటు మాత్రం అదే. అనుమానమొచ్చి పేరును కొంచెం కిందికి జరిపితే నిండుగా ఉంది. పాత చోటికే జరిపితే మళ్లీ తెగింది. అంటే రోగం ఫాంటుది కాదు, ఆ చోటుది.

రంగులన్నీ తీసేసి గీతలు మాత్రమే చూపే వైర్‌ఫ్రేమ్ వ్యూ ఒకటుంటుంది. అది నొక్కాను. ఖాళీ అనుకున్న చోట పేర్లు. ఒకదాని మీద ఒకటి, ఎందరివో.

అన్న వైపు చూస్తే నా మొహం చూడడు. "సచ్చినోళ్ల పేర్లు డిలీట్ ఎట్ల గొడ్తం? మనసొప్పలే. తెల్లరంగేసి ఇడిసిపెట్టిన." పెళ్లికొడుకుల పేర్లు రెప్పవేయకుండా తీసేసే మనిషి! తెల్ల కాగితం మీద తెల్లరంగు ఎవరికీ కనపడదు. కొత్త పేరు ఎప్పుడూ అన్నిటికీ పైన ఉండేది కనక ఇన్నాళ్లూ బయటపడలేదు. ఇవాళ అంచుతో కలిపి నేను పేరును వెనక్కి పంపాను. ఆ తెల్ల పేర్లన్నీ దాని మీద పడి కోశాయి.

"గీళ్లంత ఎవలు?" అంది ఆమె. చెప్పాను. చెబుతుండగానే అన్నిటి అడుగున మా బాపు పేరు కనపడింది. ఆ ఫైలు మొదలైందే ఆయన కార్డుతో. ఏడాదిగా నేను ఆయన మీదనే పేర్లు పేరుస్తున్నాను.

"గందుల మా బాపున్నడు" అన్నాను.

ఆమె భర్త పేరును ఆ పేర్లన్నిటికీ పైకి తెచ్చి ప్రింటు తీశాను. ఆమె వేలితో తడిమి చూసుకుని, "గిప్పుడు ఆయనే" అంది. పోతూ గుమ్మంలో ఆగింది. "నా పెనిమిటిని గూడ తీసెయ్యకు బిడ్డ. మీ బాపుకు తోడుంటడు."

తీసెయ్యలేదు. తరవాతి కార్డు వచ్చినప్పుడు ఆయన పేరుకు నా చేత్తోనే తెల్లరంగు వేశాను.

భర్త సంవత్సరీకం నాడు ఆమె మళ్లీ వచ్చింది, కార్డు కోసం కాదు. "ఉన్నడా?" అంది. వెతికి నలుపు చేసి పైకి తెచ్చి చూపించాను. చూసి, కళ్లు తుడుచుకుని, "మీ బాపును సూసుకున్నవా?" అంది.

చూసుకోలేదు. ధైర్యం చాలలేదు. ఆమె పక్కనుండగా, ఆమె భర్త పేరును మళ్లీ తెలుపు చేసి బాపు పేరుకు నల్లరంగు వేశాను. పైనున్న పేర్లన్నీ కోయగా మిగిలిన నాలుగు ముక్కలే కనిపించాయి. ఆ కోసిన పేర్లలో సగం నేను పెట్టినవే.

"పైకి దెచ్చుకో బిడ్డ" అంది.

తెచ్చుకున్నాను. నిండుగా వచ్చాడు. ఏడుపాగలేదు. మళ్లీ తెల్లరంగు వేయడానికి చెయ్యి రాక, ఫైలును అలాగే మూసేశాను. మర్నాడు కోటగిరి నుంచి దినాల కార్డుకు వస్తే కొత్త ఫైలు తెరిచాను. వాళ్లు తెచ్చిన పేరే దానికి మొదటిది.