బురదలో గెలిచిన స్కూటర్

ఉద్యోగం కొత్తలో మనిషికి రెండే ఉంటాయి: ఒంట్లో బలం, అన్నీ తెలుసన్న ధీమా. ఆ రోజుల్లో నాకు రెండోదే ఎక్కువ. పదో తరగతి తప్పినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. బస్సు ఎప్పుడొస్తుందో కూడా కాగితం మీద తేల్చుకున్నాకే ఇంట్లోంచి కదిలేవాణ్ణి (బస్సు మాత్రం దాని ఇష్టప్రకారమే వచ్చేది).

గోదావరిఖనిలో మా కాలనీ కుర్రాళ్లు ఓ ఆదివారం మోటారు పందెం పెట్టారు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో తవ్విపోసిన మట్టిగుట్ట చుట్టూ ఒక రౌండు. మా బావ తన పాత స్కూటర్‌తో పేరిచ్చాడు. దాన్ని పక్కకు వంచి, బతిమాలి, తన్నితే తప్ప స్టార్టు కాదు. అయినా బావకు అదంటే ప్రాణం. అక్కకు అదంటే మంట. "చూడయ్య, ఇయ్యాల ఓడితే దీన్ని పాత ఇనుపసామానోనికి ఇచ్చుడే" అని అందరి ముందూ తేల్చేసింది. బావ మొహం వాడిపోయింది గాని, "సరే తియ్యి" అన్నాడు.

ఇద్దరం డ్యూటీ దిగి గనిబూట్లతోనే వచ్చాం. "నువ్వు ఎనక కూసో బామ్మర్ది, నడుమల ఆగితే నెట్టెటోడు గావాలె" అన్నాడు బావ. ఇంజను బలం, మా ఇద్దరి బరువు, గుట్ట ఎత్తు అన్నీ నోటిలెక్క వేసి, "బావ, మనమే లాస్టు" అని చెప్పాను. కరెంటు ప్లాంటు వాళ్లుండే జ్యోతినగర్ నుంచి వచ్చిన మెరిసే మోటారు సైకిళ్లు ఒక్క ఊపులో దుమ్ము రేపుకుంటూ మాయమయ్యాయి. నా లెక్క తప్పలేదని, సిగ్గులేకుండా, కాస్త సంతోషించాను కూడా.

గుట్ట మలుపు దాటాక చూస్తే, ముందు నీళ్ల ట్యాంకర్! షిఫ్టు మారే వేళకు దుమ్ము అణచడానికి రోజూ దారి తడిపే ట్యాంకరే. పందెం పెట్టినవాళ్లకు ఆ సంగతి గుర్తులేదు, నా లెక్కలోకీ రాలేదు. "పందెం మీది, డ్యూటీ నాది" అంటూ డ్రైవరు నిదానంగా తడుపుకుంటూ పోతున్నాడు. దాని వెనక బొగ్గుబురదలో మోటారు సైకిళ్లన్నీ అడ్డంగా పడుకున్నాయి. పాలిష్ బూట్ల వీరులు లేస్తూ, మళ్లీ కూర్చుంటూ ఉన్నారు.

"ఇప్పుడెట్ల బావ?"

"లెక్క బంజెయ్యి. కాళ్లు కింద పెట్టి తొయ్యి!"

మొదటి గేరు, ఇద్దరివీ కలిపి నాలుగు బూట్లు. గనిలో జారే నేల మీద రోజూ నడిచే కాళ్లు కదా, పట్టు వదల్లేదు. గట్టు మీంచి ఎవరో అరిచారు: "ఓ కాక, బండి నడుపుతున్నరా, నాట్లేస్తున్నరా?" జనమంతా విరగబడి నవ్వారు. మేము ట్యాంకర్‌ను దాటి, పొడినేల ఎక్కి, గెలుపు గీత దాటేదాకా ఆ నవ్వు ఆగలేదు. దాటాక అదే నవ్వు ఈలలైంది.

నల్లటి విగ్రహాల్లా నిలబడ్డ మమ్మల్ని అక్క పైనుంచి కిందికి చూసింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, నన్ను దింపేసి, ఆ బురద సీటు మీద తనే కూర్చుంది. "పోనియ్యి, బజారు మీదికెళ్లి పోనియ్యి" అంది. బావ వంచి తన్నాడు. ఆశ్చర్యం, మొదటి తన్నుకే స్టార్టయింది!

నేను నడిచి ఇల్లు చేరాను. ఇప్పుడు వయసొచ్చింది, నా లెక్కలు దాదాపు తప్పవు. అంతగా ఈలలు వేయించుకున్న రోజు మాత్రం మళ్లీ రాలేదు.