భీమయ్య మార్చిన ముగింపు

షార్జాలోని సజ్జా లేబర్ క్యాంపులో ఆదివారం సాయంత్రం భీమయ్య మంచం చుట్టూ పదిహేను మంది చేరేవారు. వారమంతా ఫోనులో ముక్కలు ముక్కలుగా చూసిన అమెరికా సినిమాను ఆయన ఆ రోజు కథగా చెప్పేవాడు. తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగేది ఆ గదిలో ఆయనొక్కడే. వయసు యాభై. మెట్‌పల్లిలో క్యాసెట్ల షాపు మూతపడ్డాక గల్ఫ్‌కు వచ్చి, కాంక్రీటు దిమ్మెల ఫ్యాక్టరీలో ఇనుప చువ్వలు కట్టే పనిలో కుదిరాడు.

పైవాళ్లు చెడ్డవాళ్లు, జనం మంచివాళ్లు, జనం తరఫున ఒక మొండివాడు. అమెరికా సినిమాల్లోనూ, అక్కడి రాజకీయ రాతల్లోనూ ఈ కథకు గిరాకీ తగ్గదు. 2023 వేసవిలో భీమయ్య చెప్పిందీ అలాంటిదే. ఒక మిల్లు కార్మికుడు యజమానికి ఎదురు నిలుస్తాడు, ఆఖరున ఊరంతా వచ్చి అతని వెనక నిలబడుతుంది. గదివాళ్లు దాన్ని మూడుసార్లు అడిగి చెప్పించుకున్నారు.

ఆ వేసవిలో వాళ్ల బాధ అన్నం. తెల్లవారుజామున నాలుగింటికి చేతికిచ్చే డబ్బా మధ్యాహ్నానికి పాచిపోయేది. కడుపు నొప్పులతో ఇద్దరు పడకేశారు. అడగాలని అందరికీ ఉంది. అయితే పోయినేడు ముందుకొచ్చి అడిగినవాడిని ముదీర్, అంటే మేనేజరు, వారంలోనే ఇంటికి పంపాడు.

కామారెడ్డి వైపు కుర్రాడు భూమేశ్ ఒక సాయంత్రం తేల్చేశాడు.

"రేపు ముదీర్ ముందల నేను నిలవడ్త కాకా. మీరందరు నా ఎన్క రాండ్రి, సినిమాల అచ్చినట్టు."

భీమయ్య చేతిలోని ఫోను పక్కన పెట్టాడు.

"సినిమాల ఎవ్వడు రాలేదురా. వాడొక్కడే నిలవడ్డడు, నౌకరి పోయింది. జనం అచ్చుడు నేను కలిపిన."

"ఎందుకు కలిపినవే?"

"అసలుది జెప్తే మీరు మొకాలు ఏలాడేసుకొని పంటరని."

క్రేన్ నడిపే ఇమామ్ హుస్సేన్ పక్క మంచం మీది నుంచి అడిగాడు. "మొన్నటి సినిమాల పెండ్లయిన పిల్ల?"

"సచ్చిపోయింది."

అందరూ నవ్వారు, భూమేశ్ తప్ప. ఆ తర్వాత మాట అన్నం మీదికి మళ్లింది. ముందు ఒకడు నిలబడితే వాడొక్కడే పోతాడు కాబట్టి ఎవరూ మాట్లాడొద్దని, పని ఆపొద్దని, డబ్బా మూత తీయకుండా సాయంత్రం బస్సెక్కే ముందు ముదీర్ గుమ్మం దగ్గర పెట్టి రావాలని ఇమామ్ హుస్సేన్ అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ఆ రాత్రే మాట మిగతా గదులకూ చేరింది.

మర్నాడు సాయంత్రం అరవై మంది డబ్బాలు పట్టుకుని ముదీర్ ఆఫీసు ముందు వరుసలో నిలబడ్డారు. గుమ్మం మీద కెమెరా ఉంది. మొదటి డబ్బా ఎవరు పెట్టాలో ఎవరూ అనుకోలేదు. భూమేశ్ కదిలాడు. భీమయ్య అతని చొక్కా పట్టి వెనక్కి లాగి, తన డబ్బా పెట్టి బస్సెక్కాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే పెట్టారు.

మూడో రోజున, రేపటి నుంచి అన్నం పదకొండింటికి వ్యానులో వస్తుందని నోటీసు అంటించారు. అదే రోజు భీమయ్యను దూరాన ఫుజైరాలోని రాళ్ల క్వారీకి బదిలీ చేశారు. ముందు కదిలింది తానేనని ముదీర్‌కు చెబుతానని భూమేశ్ పట్టుబట్టాడు.

"నా వీసా ఆర్నెల్లల్ల అయిపోతది, నీది ఇంక రెండేండ్లున్నది. పోకు," అన్నాడు భీమయ్య. "ముదీర్‌కు ఒక్క మనిషి గావాలె, దొరికిండు. ఖలాస్."

భూమేశ్ వెళ్లలేదు. మర్నాడు పదకొండింటికి వ్యాను వచ్చింది. అన్నం వేడిగా ఉంది. అతను తిన్నాడు.