హాజరు పట్టీ లేని మీటింగు

నస్పూర్ చరిత్రను ఎవరైనా తీరిక చేసుకుని రాస్తే, బొగ్గు బయటపడిన అధ్యాయం తరువాత దశరథం కొత్తిమీర అధ్యాయం ఉండి తీరాలి. గనిలో జనరల్ మజ్దూరుగా పనిచేసే దశరథం మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రం ఆరు కాగానే గుడ్డసంచీ చంకన పెట్టుకుని, కొత్తిమీర తెస్తానని ఇంట్లోంచి బయలుదేరేవాడు. ఈ ఆచారం పంతొమ్మిదేళ్లు నిరాటంకంగా సాగింది. కొన్ని రాజవంశాలు అంతకాలం నిలవలేదు. వానలు, సమ్మెలు, ఇద్దరు కూతుళ్ల పుట్టుక, ఏదీ దాన్ని ఆపలేకపోయింది. సంచీ మాత్రం ఖాళీగా వచ్చేది. దశరథం నిండి వచ్చేవాడు.

పోయిన ఆదివారం ఆయన భార్య బాలలక్ష్మి మరో సంచీ తీసింది. అందులో తన చీరలు సర్దుకుని లక్సెట్టిపేటలో అక్క ఇంటికి వెళ్లిపోయింది. అరవలేదు, ఏడవలేదు. అదే దశరథాన్ని భయపెట్టింది. పోతూ పోతూ గడపలో నిలబడి, "తాగుడు మానెటోళ్లు మంచిర్యాలల మీటింగ్ పెట్టుకుంటరట. నువ్వు పోయి కూసున్నవని రుజువు సూపెట్టు, అప్పుడొస్త. లేకుంటె ఇగ రాను" అంది.

రుజువు అన్న మాట గని మనిషికి బాగా అర్థమవుతుంది. హాజరు పట్టీలో మస్టర్ పడితేనే పనికి పోయినట్టు. పడకపోతే, పొద్దంతా బొగ్గులో దొర్లినా నాగాయే.

చిక్కంతా ఆ మీటింగు ఎక్కడో కనుక్కోవడంలో వచ్చింది. వైన్‌షాపు ఎక్కడని అడిగితే పదిమంది దారి చూపుతారు, ఇద్దరు తోడు కూడా వస్తారు. మానే చోటు అడిగితే ఊరంతా ముఖం వైపు చూస్తుంది. అందుకని దశరథం లేని తమ్ముణ్ణి ఒకణ్ణి పుట్టించాడు. ఆ తమ్ముడి కోసం ఆస్పత్రిలో నర్సమ్మను అడిగాడు. ఆయనకు తోడబుట్టింది నలుగురూ అక్కలేనని ఎరిగిన నర్సమ్మ, పాపం తమ్ముడంటూ ఒక ఫోన్ నంబరు రాసి ఇచ్చింది. ఫోనెత్తిన పెద్దమనిషి బుధవారం సాయంత్రం ఆరున్నరకని, ఫలానా బడి వెనక గదని చెప్పాడు. తమ్ముడి వివరాలేవీ అడగలేదు. తోడుగా మీరు కూడా రండి అని మాత్రం అన్నాడు.

బుధవారం పొద్దుటి నుంచి దశరథం చుక్క ముట్టలేదు. ఆరింటికి కాళ్లు అలవాటు చొప్పున షాపు వైపు తిరుగుతుంటే, ఎదురొచ్చిన ఆటోను ఆపి ఎక్కేశాడు. ఆటో నడిపే ముకర్రం పక్క గల్లీ వాడే. మంచిర్యాలలో చుట్టాల పిల్లగాడి పుట్టినరోజుకు పోతున్నానని, అతను అడగకముందే దశరథం చెప్పేశాడు. బడి దగ్గర పడుతుండగా ముకర్రం వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"ముందటి గేటు వద్దన్నా, లైటుంటది. అందరు ఎనక గేటు కాడ్నే దిగుతరు."

"అందరంటే ఎవలు?"

"పుట్టినరోజుకు వచ్చెటోళ్లు. జర ఫికర్ చెయ్యకు."

గది బయట పద్నాలుగు జతల చెప్పులున్నాయి. తొందరలో దశరథం గని బూట్లే తొడుక్కొచ్చాడు. వాటిని చూసి దారిన పోయేవాడు ఎవడైనా గుర్తుపడతాడని, విప్పి చంకలోని గుడ్డసంచీలో వేసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని లోపల కూర్చున్నాడు. ఆ సంచీ నిండడం చరిత్రలో అదే మొదటిసారి.

మీటింగు నడిపేది ఓంప్రకాశ్. ఫోనెత్తింది ఆయనే. ఒకప్పుడు ఆదిలాబాద్ పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. ఎవరైనా పేరొక్కటి చెబితే చాలని, మనసైతే మాట్లాడమని, లేకపోతే ఊరికే వినమని అన్నాడు. ఒకాయన మానేసి తొమ్మిది నెలలన్నాడు, ఇంకొకాయన నాలుగేళ్లన్నాడు. తీరా తన వంతు వచ్చేసరికి గని అలవాటు దశరథం నోటిని పట్టుకుంది. దిగ్గున లేచి నిటారుగా నిలబడి, తన పేరు, తండ్రి పేరు, మస్టర్ నంబరు, గని పేరు, షిఫ్టు అన్నీ గడగడా అప్పజెప్పాడు.

గుట్టు దాచడమే నియమమైన ఆ గదిలో అంత సంపూర్ణమైన ప్రకటన అంతకుముందు ఎవరూ చేసి ఉండరు. ఎవరూ నవ్వలేదు. పక్కాయన కొంచెం జరిగి చోటిచ్చాడు.

మిగతా గంటలో వాళ్లు చెప్పింది దశరథం సగమే విన్నాడు. రెండో సగం, రిజిస్టరు ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూడటంలో పోయింది. చాయ్ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, రిజిస్టరు రాలేదు. అందరూ లేస్తుంటే ఓంప్రకాశ్‌ను పట్టుకున్నాడు.

"సారూ, నా సంతకం?"

"ఈడ రిజిస్టర్ ఉండదు దశరథం. ఎవలొచ్చిండ్రో రాసుకోం."

"మస్టర్ పడకుంటె నేనొచ్చినట్టెట్ల?"

"వచ్చినవ్ గదా."

దశరథానికి అది జవాబులా వినిపించలేదు. చిన్న చీటీ మీదైనా రాసిమ్మని బతిమాలాడు. ఓంప్రకాశ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆదివారం కూడా మీటింగు ఉందని చెప్పాడు. చీటీ ఇవ్వలేదు.

వెనక గేటు దగ్గర నిలబడి, చేతిలో ఏ రుజువూ లేకుండా బాలలక్ష్మికి ఫోన్ చేశాడు. ఆగి ఆగి ఎత్తింది. పోయానని, కూర్చున్నానని, సంతకం పెట్టనివ్వలేదని, చాయ్ పోశారని ఉన్నదున్నట్టు చెప్పాడు. లైను తెగిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూశాడు.

"ఇంకేమన్న మాట్లాడు" అంది.

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. గొంతు ఇంటున్న."

దశరథం బిస్కెట్ల గురించి మాట్లాడాడు. ఇన్నేళ్లుగా ఆయన మొదటి మాటలోనే ఎంత తాగాడో ఆమె పట్టేసేది. ఈసారి చివరిదాకా విన్నది.

"రేపు గిదే టైంకు మళ్ల చెయ్. ఎల్లుండి గూడ. అటెనుక సూద్దాం."

వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. పెట్టేసే ముందు, మానేసి ఎన్నాళ్లయిందని అడిగింది. దశరథం నిజమే చెప్పాడు.

అప్పటికి ఇరవై ఆరు గంటలైంది.