ఎడమచేతి తాళం

మానవజాతి చరిత్రలో చక్రం తర్వాత, అచ్చుయంత్రం తర్వాత చెప్పుకోవలసిన ఘట్టం, బాగేపల్లి మునిశామప్ప తన మారుతి వ్యాను తాళాన్ని ఎడమచేత్తో తిప్పడం. 2007లో మొదలైన ఈ అలవాటును ఇంతవరకు ఏ చరిత్రకారుడూ పట్టించుకోలేదు. చరిత్రశాస్త్రానికి అదొక లోటు.

ముందుగా దేశకాల పరిస్థితులు. బాగేపల్లి వ్యాన్ల స్టాండులో ఒక చట్టం ఉండేది. డ్రైవర్లు వ్యాన్ల పక్కనే ఉంటే ప్రయాణికులను చెరో చెయ్యి పట్టి లాగుతున్నారని స్టాండు సంఘం తీర్మానం చేసింది. అందరూ రోడ్డుకు ఇవతల టీ అంగట్లో కూర్చోవాలి. ప్రయాణికులను తెచ్చే పరగోడు బస్సు హారను వినబడ్డాకనే లేచి పరుగెత్తాలి. ఎవరి వ్యాను ముందు కదిలితే చిక్కబళ్ళాపురం ట్రిప్పు వాళ్లది. చట్టం న్యాయమైనదే. కాకపోతే మునిశామప్పకు యాభై రెండేళ్లు, ఆయన మోకాళ్లకు అంతకంటే ఎక్కువ. పోటీదారుడు ఆంజనప్పకు ముప్పై. పైగా వాడు చెప్పులు విడిచి పరుగెత్తేవాడు.

"చిన్నాయనా, మెల్లగా రా, తొందరేముండాది? నేనొచ్చేదాకా స్టాండు చూసుకో" అని కిటికీలోంచి చెప్పి మరీ పోయేవాడు.

ఈ దశలో మునిశామప్ప జీవితంలోకి జర్మనీ ప్రవేశించింది. బెంగళూరు ప్రయాణికుడెవరో సీటు కింద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం మరిచిపోయాడు. జర్మనీ పందెపు కార్ల చరిత్ర. నెల రోజులు చూసినా ఎవరూ రాకపోయేసరికి మునిశామప్ప దాన్ని పురుషోత్తమ మేష్ట్రుకు చూపించాడు. మేష్ట్రు హైస్కూల్లో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఒప్పుకుని వినేవాడు దొరకడం ఆయనకు అదే మొదలు.

"1934లో ఒక పందేనికి పోతే బెంజి వాళ్ల కారు పందెం రూలుకంటే ఒక్క కిలో ఎక్కువ తూగిందంటప్పా. పైనున్న తెల్లరంగంతా గీకేసినారంట. అడుగున వెండిరంగు తేలింది. ఆ కారే గెలిచింది. ఇది నిజమో కట్టుకథో అని పుస్తకంలోనే అనుమానంగా రాసినారు."

అనుమానం వినబడేలోగా మునిశామప్ప లేచి వెళ్లిపోయాడు. మర్నాడు వాకిట్లో వ్యాను గీకుతూ కూర్చున్నాడు.

"దోసె పెనం గీకమంటే చెయ్యి నొప్పంటావు. దీనికేం, పెళ్లిచూపులా?" అంది భార్య మునిరత్నమ్మ.

వ్యాను అడుగున వెండి లేదు. ఉన్న ఇనుము రెండు వానలకు తుప్పు పట్టింది. ఆంజనప్ప మాత్రం ముందే కదులుతూ వచ్చాడు.

ఆ ఆగస్టులో చిక్కబళ్ళాపురం జిల్లా అయింది. కొత్త ఆఫీసుల్లోకి బాగేపల్లినుంచి నలుగురు గుమాస్తాలకు బదిలీ వచ్చింది. వాళ్ల పెద్ద సుజాతమ్మ స్టాండుకొచ్చి, రోజూ తీసుకుపోయి తీసుకురావడానికి ఒక వ్యాను కావాలంది. మునిశామప్ప, ఆంజనప్ప ఒకేసారి చెయ్యెత్తారు.

"మీ స్టాండు రూలు మీకుంది కదప్పా. సోమవారం ఎవరి బండి ముందు కదిలితే వాళ్లతోనే వస్తాం" అందామె.

ఆ డ్యూటీ దొరికితే మునిశామప్ప ఇక ఏనాడూ పరుగెత్తనక్కర్లేదు. జన్మలో పరుగెత్తకుండా ఉండడానికి చివరిసారి పరుగెత్తాలి. ఆయన నేరుగా మేష్ట్రు ఇంటికి పోయాడు. మేష్ట్రు పుస్తకం తెరిచాడు.

"పోర్షే కార్లకు తాళం స్టీరింగుకు ఎడమపక్కన పెడతారంట. ఫ్రాన్సులో లె మాన్ అని ఊరుండాది. అక్కడి పందెంలో డ్రైవర్లు రోడ్డుకు అవతల నిలబడాల. జెండా ఊపితే పరుగెత్తి కారెక్కి, ఎడమచేత్తో తాళం తిప్పతా, కుడిచేత్తో గేరు వేసేయాల. అందుకే తాళం అట్ల పెట్టినారని చెప్తారు."

"రోడ్డుకు అవతలనుంచి పరుగెత్తాల్నా?"

"అవునప్పా."

"మేష్ట్రే, అది మన స్టాండు కదా!"

లె మాన్ పందెం ఇరవై నాలుగు గంటలు సాగుతుందనీ, అందులో ఒక సెకను కోసం తాళం జరిపిన జాతి ఎంతటిదో ఆలోచించమనీ మేష్ట్రు కళ్లజోడు తీసి చెప్పాడు. మునిశామప్ప ఆలోచించకుండా చింతామణికి పోయాడు. అక్కడ చిన్నప్ప వాహనాల కరెంటు పనిలో పేరున్నవాడు.

"ఇప్పుడుండే చోట తాళానికి ఏమొచ్చిందప్పా?" అన్నాడు చిన్నప్ప.

"జర్మనీలో ఎడమపక్కనే."

"ఆ బండ్లకు గేరు యాడుండాది?"

"గేరు సంగతి మేష్ట్రు చూసుకుంటాడు. నువ్వు వైరు లాగు."

చిన్నప్ప పాత తాళం పీకి, స్టీరింగుకు ఎడమపక్కన బిగించాడు.

సోమవారం టీ అంగడి కిక్కిరిసింది. సుజాతమ్మ టిఫిన్ డబ్బాతో రోడ్డుకు అవతల నిలబడింది. ఆఫీసు డ్యూటీ కదా అని ఆంజనప్ప కొత్త బూట్లేసుకొచ్చాడు. అవి విడవడానికి వీలు కాలేదు, పరుగెత్తడానికీ కాలేదు. పరగోడు బస్సు హారను కొట్టింది. మునిశామప్ప టీ గ్లాసు చేతిలోనే ఉంచుకుని పరుగెత్తాడు. ఏడాదిలో మొదటిసారి ముందుగా వ్యానెక్కాడు. గ్లాసు పారేసి ఎడమచేత్తో తాళం తిప్పాడు.

ఇంజను లేచింది. కుడిచెయ్యి గేరుకోసం వెతికింది. తలుపు దొరికింది. గేరు ఎడమవైపే ఉంది, ఎడమచెయ్యి తాళం మీద ఉంది. గాభరాలో తాళం వదిలి గేరు లాగితే, క్లచ్చు తప్పి ఇంజను దగ్గి ఆగిపోయింది. ఈలోగా పక్క వ్యానులో ఆంజనప్ప కుడిచేత్తో తాళం తిప్పి, ఎడమచేత్తో గేరు వేసి కదిలాడు.

"చిన్నాయనా, జర్మనీ నుంచి ఎప్పుడొస్తావు?"

సుజాతమ్మ వాడి వ్యానెక్కింది.

సాయంత్రం మేష్ట్రు పుస్తకంలో బొమ్మను మళ్లీ చూశాడు. చాలాసేపు చూశాడు.

"మునిశామప్పా, వాళ్లు కూర్చునేది ఎడమపక్క. తలుపు వైపు చెయ్యి తాళానికి, లోపలి వైపు చెయ్యి గేరుకు. అంతే."

మునిశామప్ప ఇప్పటికీ పరగోడు బస్సుకు పరుగెత్తుతూనే ఉన్నాడు. ఎడమచేత్తోనే తాళం తిప్పుతున్నాడు. ఎవరైనా అడిగితే జర్మనీ పద్ధతి అంటాడు.

చిన్నప్ప పీకేసిన పాత తాళం కుడిపక్కన, తలుపు వైపే ఉండేది.