మిరప కల్లంలో డబ్బా వేట

నాకు గుంటూరులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. వారమంతా ఊళ్లోవాళ్ల కళ్లకు అద్దాలు బిగిస్తాను. ఆదివారం వచ్చేసరికి, ఎవరో ఎక్కడో దాచిన చిన్న చిన్న డబ్బాల కోసం ఊళ్ల మీద పడి తిరుగుతాను. ఈ ఆటను జియోకాషింగ్ అంటారు. ఒకరు ఒక డబ్బాను దాచి, అది ఉన్నచోట ఫోను మ్యాపులో ఒక చుక్క పెడతారు. మిగిలినవాళ్లు ఆ చుక్కను పట్టుకుని వెళ్లి, వెతికి, లోపలున్న కాగితం మీద సంతకం చేసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టేసి రావాలి. అంతే. బహుమతి ఏమీ ఉండదు. మా ఆవిడకు ఇదంతా ఓపిగ్గా వివరిస్తే, "చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరూ ఆటకు పిలవలేదా ఏంటండీ?" అని జాలిపడింది.

ఆటలో ఇంకో నియమం ఉంది. డబ్బా తీసేటప్పుడు దారినపోయేవాళ్ల కంట పడకూడదు. ఈ నియమం పెట్టినవాళ్లు మా వైపు ఎప్పుడూ వచ్చి ఉండరు. ఇక్కడ రోడ్డు పక్కన ఊరికే నిలబడితే చాలు, ఎవరో ఒకరు బండి ఆపి "ఎవరింటికండీ?" అని అడుగుతారు. ఎవరింటికీ కాదంటే, ఆ వింత చూడ్డానికి ఇంకో ఇద్దరు ఆగుతారు.

మంగళగిరి కొండ కింద ఒక సిమెంటు బల్ల దగ్గర నాకు మా అక్క పరిచయమైంది. సొంత అక్క కాదు. అక్కడే చేనేత చీరల దుకాణం నడిపే ఆవిడ. ఆ రోజు నేను వెళ్లేసరికి బల్ల దగ్గర వంగి నేలంతా వెతుకుతోంది. అడగకముందే, "చెవి దుద్దు పడిపోయిందండీ" అంది. దుద్దులు రెండూ చెవులకే ఉన్నాయి. నేనూ ఏదో ఒకటి చెయ్యాలి కదా అని, బల్ల కిందకు చూడ్డానికి వంగి, లేసు కట్టుకుంటున్నట్టు నటించాను. ఆవిడ నా కాళ్ల వంక కాసేపు చూసింది.

"చెప్పులకి లేసులెక్కడున్నాయి తమ్ముడూ?" అని, గుప్పిట తెరిచి చూపించింది. డబ్బా అప్పటికే ఆవిడ చేతిలో ఉంది. ఇద్దరం ఆ బల్ల మీదే కూర్చుని నవ్వుకున్నాం. ఆ తరవాత ఒంటరిగా వెతకడానికి వెళ్లడం మానేశాను.

మూడో మనిషిని అక్కే తీసుకొచ్చింది. గుంటూరులో ట్రాక్టరు విడిభాగాల షాపు ఆయనది. మేం భాయ్ అంటాం. సామాను విషయంలో మాలో అందరికంటే సీరియస్ మనిషి. కర్రకు కట్టిన అయస్కాంతం, టార్చిలైటు, చేతి తొడుగులు, సందుల్లోకి చూడ్డానికి పొడుగు పిడి ఉన్న అద్దం, అన్నీ కారు డిక్కీలో పెట్టుకుని తిరుగుతాడు. ఇంత సామానుతో ఆయన ఒక్క డబ్బా కూడా ముందుగా కనిపెట్టలేదు. ఆ మాట అంటే కోపం.

ఆ ఏడు రంజాను సరిగ్గా మిరపకాయలు కల్లాల మీద ఎండే రోజుల్లో వచ్చింది. పెదనందిపాడు దాటాక ఒక ఊరి పొలాల్లో చాలాకాలంగా ఎవరికీ దొరకని డబ్బా ఒకటుందని అక్క పట్టుబట్టింది. భాయ్ రోజాలో ఉన్నాడు. వద్దులే అంటే వినలేదు. "వెతకడానికి నోటితో పనేముంది?" అన్నాడు. ఆ డబ్బాకు ఆచూకీగా ఒకే ఒక్క ముక్క రాసి ఉంది: ఎర్ర సముద్రం ఒడ్డున, అందరి దాహం తీర్చి అలిసిపోయినది.

ఎర్ర సముద్రం ఏమిటో కారు దిగగానే తెలిసింది. కనుచూపు మేర పట్టాలు పరిచి, వాటి మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఒక పక్క రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు, ఇంకో పక్క గొడుగు కింద మంచమేసుకుని కాపలా కూర్చున్న ఒక ముసలావిడ. ఎవరి కంటా పడకుండా గట్టు వెనక నుంచి వెళ్దామని భాయ్ పథకం వేశాడు. మేం వంగి, పిల్లుల్లా నడిచి, కల్లం అంచుకు చేరాం. అప్పుడు గాలి మా వైపు తిరిగింది.

మొదట అక్క తుమ్మింది. తరవాత నేను. భాయ్ తుమ్ము మామూలు తుమ్ము కాదు. ట్రాక్టరు స్టార్టయినట్టు ఉంటుంది, ఒకసారి మొదలైతే ఆగదు. కాయలు ఏరే ఆడవాళ్లంతా పని ఆపి మా వైపు తిరిగారు. మోటారు షెడ్డులోంచి రైతు బయటికొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, భుజం మీద తువ్వాలు, చేతిలో నట్లు బిగించే పెద్ద పానా.

"ఎవరయ్యా మీరు? గట్టు చాటున ఏం చేస్తన్నారు?"

ఏం చెప్పాలో మేం ముందుగా అనుకోలేదు. అదే మా కొంప ముంచింది. ముగ్గురం ఒకేసారి నోరు తెరిచాం.

"చీరలు అమ్మడానికొచ్చామండీ" అంది అక్క.

"ఉచిత కంటి పరీక్షలండీ" అన్నాను నేను.

"ట్రాక్టరు ఆగిపోయిందని ఫోను చేశారు గదా" అన్నాడు భాయ్.

రైతు మా ముగ్గురినీ వరసగా చూశాడు. "చీరలా, కళ్లా, ట్రాక్టరా? ఒకే కార్లో దిగి మూడు మాటలు చెప్తారేంది?" అన్నాడు. అంతలో ఆయన చూపు నా చేతిలో ఫోను మీద పడింది. తెర మీద ఆయన పొలం, దాని నడుమ ఆకుపచ్చ చుక్క. మనిషి ముఖం మారిపోయింది.

"నా పొలం మీద ఆ చుక్క ఏంది?"

"అదేం లేదండీ..."

"రింగురోడ్డు సర్వేనా? నిజం చెప్పండి. మా బావమరిదికి తుళ్లూరు పక్కన పొలం ఉండేది, రాజధాని కింద పోయింది. అక్కడ కూడా మొదట ఇట్టాగే ముగ్గురు ఫోన్లు పట్టుకుని వచ్చారంట. ఊరికే చూసిపోతాం అన్నారంట!"

ఆ మాటతో ఆడవాళ్లంతా లేచి వచ్చి మా చుట్టూ నిలబడ్డారు. ఇక దాచి లాభం లేదనిపించింది. నిజం చెప్పేశాను. నిజం మా అబద్ధాలకంటే అధ్వానంగా వినిపించింది.

"డబ్బానా? డబ్బాలో ఏముంది?"

"ఒక కాగితం ఉంటుందండీ."

"కాగితంలో?"

"ముందు వెతికి కనిపెట్టినవాళ్ల సంతకాలు."

"మీకు దొరికితే?"

"మేమూ సంతకం పెడతాం."

"పెట్టి?"

"మళ్లీ అక్కడే పెట్టేసి వెళ్లిపోతామండీ."

 ఆయన పానా కింద పెట్టాడు. "ఇందుకా గుంటూరు నుంచి ఆయిలు తగలేసుకుని వచ్చింది?" అని చాలా మెల్లిగా అడిగాడు. ఆ గొంతులో అనుమానం పోయి, మా ఇళ్లలోవాళ్లను తలుచుకుని బాధపడుతున్నట్టుంది.

కానీ అనుమానం పోయిందని ఊరుకోలేదు. చెప్పిన అబద్ధాలకు మూల్యం కట్టించాడు. భాయ్‌ను షెడ్డు వెనక ఉన్న ట్రాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. దానికి నిజంగానే జబ్బు చేసి ఉంది. అక్కను ఆడవాళ్లు చుట్టుముట్టి, మంగళగిరి చీర అసలుదో కాదో ఎట్టా తెలుస్తుందని నిలదీశారు. నేను గొడుగు కింద ముసలావిడ ముందు కూర్చున్నాను. ఆవిడ రైతు తల్లి.

"ఇవి ఎన్ని వేళ్లో చెప్పు మామ్మా" అని చెయ్యి చూపించాను.

"వేళ్లు కనపడతన్నయ్యిలే. నీ మొకమే కనపడట్లా" అంది.

కోడలు షెడ్డులోంచి మజ్జిగ గ్లాసులు తెచ్చింది. అప్పటికే ట్రాక్టరు నూనె మోచేతుల దాకా పూసుకుని వచ్చిన భాయ్ వద్దని చేతులు జోడించాడు. "రోజాలో ఉన్నానమ్మా." మామ్మ మంచం మీద నుంచి లేచి కూర్చుంది. "ఒక్కపొద్దు ఉండి ఈ మిరపకాయల ఘాటులో తిరగతన్నావా నాయనా? ఆ డబ్బా ఏందో తొరగా ఎతికి ఇవ్వండ్రా వీళ్లకి!" అని కొడుకు మీద అరిచింది.

అమ్మ చెప్పాక ఆయనకు తప్పలేదు. మొదట సణుగుతూ మొదలుపెట్టాడు. ఆచూకీ ఏమిటో చదవమన్నాడు. చదివాను. "దాహం తీర్చి అలిసిపోయినది" దగ్గర ఆగి, ఇంకోసారి చదవమన్నాడు. అంతలో ఆడవాళ్లు కూడా వెతుకులాటలో దిగారు. పట్టాల అంచులు ఎత్తారు, రాళ్లు తిప్పారు. ఒకామెకు పోయిందనుకున్న కొడవలి దొరికింది. ఒంటరి చెప్పొకటి దొరికింది. భాయ్ అయస్కాంతానికి మేకులు తప్ప ఏమీ అంటలేదు. నేను మోటారు షెడ్డు గోడల్లో ప్రతి సందూ చూశాను. అక్క నీళ్లతొట్టి చుట్టూ మూడుసార్లు తిరిగింది.

ఉన్నట్టుండి రైతు పొలికేక పెట్టాడు. మేమంతా అటు పరిగెత్తాం. కల్లం మూల ఎప్పుడో పాడైపోయిన బోరింగు ఒకటుంది, చేత్తో కొట్టేది. చిలుము పట్టి, పిడి ఊడిపోయి, ఎవరి లెక్కలోనూ లేకుండా నిలబడి ఉంది. దాని తల మీద మూత తీసి, లోపలికి చెయ్యి పెట్టి ఉన్నాడాయన. బయటికి తీసినప్పుడు ఆ చేతిలో నీలం మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా.

"అలిసిపోయిందంటే ఇదేగా! మా నాయన ఏయించిన బోరింగు! ఇరవై ఇళ్లవాళ్లు తాగారు దీని నీళ్లు!"

డబ్బా ఇటివ్వమని భాయ్ చెయ్యి చాపాడు. రైతు వెనక్కి లాక్కున్నాడు. "కనిపెట్టింది నేను. ముందు నా సంతకం." మూత తీస్తే లోపల చుట్ట చుట్టిన కాగితం, ఒక ఈల, ఒక గోలీ ఉన్నాయి. కావాలంటే ఒక వస్తువు తీసుకుని, బదులుగా ఇంకొకటి పెట్టొచ్చని చెప్పాను. గోలీ తీసుకుని జేబులో వేసుకున్నాడు. కల్లం దగ్గరకు వెళ్లి, వంగి, చాలాసేపు ఏరి, ముడత లేని ఎర్రటి మిరపకాయ ఒకటి తెచ్చి లోపల పెట్టాడు.

"తినేవి పెట్టకూడదండీ. ఎలకలొస్తాయి" అన్నాడు భాయ్. నియమాల పుస్తకం ఆయనకు కంఠతా వచ్చు.

"నా కాయ కొరికిన ఎలక రెండోసారి రాదులే."

సాయంత్రం మేం బయల్దేరబోతే మామ్మ వెళ్లనివ్వలేదు. పొద్దు గూకేదాకా ఉండి, ఒక్కపొద్దు విడిచి మరీ వెళ్లమంది. కోడలు అరటిపళ్లు, బెల్లం నీళ్లు తెచ్చింది. భాయ్ గట్టు మీద తువ్వాలు పరుచుకుని ప్రార్థన చేసుకుని వచ్చేదాకా మామ్మ ఎవరినీ ఆ వైపు నడవనివ్వలేదు. తిరిగొచ్చే దారిలో కారంతా మిరప ఘాటే. మళ్లీ మొదట అక్కే తుమ్మింది.

ఆ మరుసటి ఆదివారం వెళ్లి మామ్మకు కళ్లజోడు ఇచ్చి వచ్చాను. అది మంచిపనే అనుకున్నాను. పెట్టుకున్న రోజే ఆవిడ కల్లమంతా కలియజూసి, ఏరిన కాయల్లో సగం తాలే ఉందని, మొత్తం మళ్లీ ఏరించిందట. ఆ ఆడవాళ్లు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు.

ఇక రైతుకు పిచ్చి పట్టింది. ఫోనులో ఆట ఎక్కించుకున్నాడు. తానే ఒక డబ్బా దాస్తానన్నాడు. వానలు పడి పత్తి విత్తనం పెట్టే రోజుల్లో నియమం ప్రకారం గట్టు మీద ఎక్కడో పూడ్చకుండా పెట్టి, చుక్క పెట్టి, మాకెవరికీ చెప్పలేదు. రోజూ సాయంత్రం నాకు ఫోను. "ఎవరన్నా బయల్దేరారా?" ఒకసారి విజయవాడ నుంచి ఒక కుర్ర జంట వచ్చింది. దొరకలేదు. ఎవరి కంటా పడకూడదన్న నియమం గుర్తుండి, ఈయన షెడ్డులో దాక్కుని చూశాడట. చివరికి ఆగలేక బయటికొచ్చి, "అక్కడ కాదమ్మా, ఇంకా ఎడమకి" అని తానే చూపించబోయాడు. ఆయనకూ దొరకలేదు.

అప్పుడు మాకు కబురు చేశాడు. మేం వెళ్లేసరికి పత్తి నడుం ఎత్తు పెరిగి ఉంది. నల్లరేగడి కదా, నాలుగడుగులు వేసేసరికి ఒక్కో కాలికి ఇటుకంత మట్టి. ఫోను చూస్తే చుక్క పక్క చేలో ఉంది.

"ఆ చేను వాడిది. వాడితో నాకు మాటల్లేవు" అన్నాడు రైతు. గట్టు తగాదా అట, ఏళ్ల నాటిది.

అక్కే వెళ్లి అడిగింది. పక్క చేలాయన మందు కొట్టే పంపు వీపు మీద నుంచి దించి మరీ వచ్చాడు.

"నా చేలో డబ్బా పెట్టడానికి నీకెన్ని గుండెల్రా?"

"నీ చేలో పెట్టలేదురా. చుక్క జరిగింది!"

"చుక్క కాదు జరిగింది. నువ్వు గట్టు జరిపావు!"

అన్నేళ్ల మాటలూ ఆ మధ్యాహ్నమే మాట్లాడుకున్నారు. అరుచుకుంటూనే చెరో సాలు పట్టుకుని వెతికారు. మధ్యలో అక్క చెప్పు బురదలో దిగబడిపోతే, ఇద్దరూ చెరో వైపు నుంచి చేతులు పెట్టి, నువ్వు వదులంటే నువ్వు వదులని, తెంపి తీశారు. అన్నం వేళకు మామ్మ ఇద్దరికీ ఒకే మంచం మీద కంచాలు పెట్టించింది. గోంగూర కలుపుకుంటూ కూడా గట్టు ఎక్కడుండేదో వేలితో కంచంలో గీసి చూపించుకున్నారు.

డబ్బా ఇంతవరకు దొరకలేదు. అది దొరికేదాకా ఇంకెక్కడికీ వెళ్లకూడదని భాయ్ తీర్మానించాడు. వెళ్లిన ప్రతిసారీ పక్క చేలాయన మాకంటే ముందే వచ్చి గట్టు మీద కూర్చుని ఉంటున్నాడు.