దొర ఇచ్చిన మంచి టైర్లు

ముందే చెప్పేస్తున్నాను, నా నోట్లో పడిన చీమ ఏనుగై బయటికొస్తుంది. చదివేవాళ్ళే ఎక్కడికక్కడ సగం తగ్గించుకోవాలి. ఆ రోజుల్లో, తిరుపతిలో ఇన్ని లాడ్జీలు లేని రోజుల్లో, మా మామ చక్రాలున్న ఇల్లొకటి కొన్నాడు. చలిదేశం నుంచి రోడ్డు మీదే వచ్చిన ఒక దొర, తిరిగి విమానంలో పోతూ, మంచమూ పొయ్యీ ఉన్న తన వ్యానును మామకు అంటగట్టాడు (లోపల గిన్నెలు కడిగే తొట్టి కూడా ఉందని మా అత్త వీధివీధికీ చాటింది). వేలు దూరేంత లోతు చారలున్న టైర్లను చూపించి, ఏదో పుస్తకంలో తెలుగు నేర్చుకున్న ఆ దొర, "మంచు టైర్లు! ఎండ వద్దు!" అని చేతులూపాడు.

"ఇన్నావా అల్లుడా? మంచి టైర్లంట! పాపం నోరు తిరక్క మంచు అనినాడు" అన్నాడు మామ.

"మరి ఎండ వద్దంటున్నాడే?"

"నీడన కట్టేసుకోమని. ఎద్దుల్ని అమ్మేటోడు చెప్పడా?"

బి.ఏ. పాసైన నేను కూడా తలూపాను. ఆనాటి నుంచి పందిరి వ్యానుకు, ఎండ మా గేదెకు. ఏడాది పొడుగునా అవే టైర్లు. మా ఊరి ఎండకు మెత్తబడి పలకమీది బలపంలా అరిగేవి; వాటి హోరు కొండమీద క్యూలో నిలబడ్డవాళ్ళకు వినబడేది. మార్చుదామంటే, "మంచి టైర్లు ఎవురన్నా మారుస్తారా?" అనేవాడు మామ.

అలాంటి మే నెలలో చిత్తూరులో గుమాస్తా ఉద్యోగానికి నాకు ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. వయసు దాటిపోతోంది, ఇక మరో పిలుపు రాదు. "ఇది గానీ పోయిందా, అంగట్లో బెల్లం తూస్తా కూసో" అన్నాడు నాయన. బస్సుకు బయలుదేరుతుంటే మామ అడ్డుపడ్డాడు. "బస్సులో సొక్కా నలిగిపోతాదప్పా. నేను తోల్తా, నువ్వు మంచం మీద పండుకోని జమీందారు మాదిరి రా."

పూతలపట్టు దగ్గర ముందు టైరు పేలింది. ఆ చప్పుడుకు కాణిపాకం వినాయకుడు చెవులు మూసుకున్నాడంటారు (అంతంత చెవులు మూయడం మాటలు కాదు). మార్చిన టైరు కూడా మంచిదే, కాబట్టి అదీ పేలింది. వచ్చిన ప్రతి బస్సుకూ చెయ్యెత్తాను. "యాడుండాది సోటు? టాపు మీద గూడా లేదు!" అని కండక్టర్లు కసిరారు. రోడ్డు మీద కూలబడి, చేతికంటిన రబ్బరు జిగురు చూస్తుంటే అప్పుడు వెలిగింది.

"మామా, దొర అనింది మంచి కాదు, మంచు! మంచు కురిసే ఊళ్ళో తిరిగే టైర్లు ఇవి!"

"ఇంత ఎండలో మంచు యాడుందిరా? నీకు వడదెబ్బ కొట్టినట్టుండాది" అని మామ చెంబెడు నీళ్ళు నా నెత్తిన పోశాడు.

చివరికి ఎవరిదో లారీ పట్టుకొని చిత్తూరు చేరేసరికి ఆఫీసు బంట్రోతు వరండాలో బెంచీలు లోపలికి మోస్తున్నాడు. "అయిపోయిందప్పా, పో" అన్నాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క. వినాయకుడి చెవులు కాదు. మామ మీద అరవడం, ఆయన నీళ్ళు పోయడం. నిజానికి అరుద్దామని నోరు తెరిచాను. అంతలో మామ పంచె కొసతో నా చొక్కా మీది మసి తుడుస్తూ, "మంచి టైర్లు గాబట్టి పానాలతో ఉండాము అల్లుడా" అన్నాడు. ఉద్యోగం పోతున్నా తెరిచిన నోరు అలాగే మూసుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ తర్వాత మామ మద్రాసు దాకా వెదికి, మళ్ళీ అలాంటివే తెప్పించాడు.